వైరూ వైరూ కలిసే చోట

నేను వైరింగ్ పనిలోకి వచ్చి ఇరవై ఏడేళ్లు దాటింది. ఈ శీర్షికకి ఎప్పుడూ ఫ్యాన్లు, ఫ్రిజ్‌ల గురించే ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి మాత్రం వైర్ల జాయింట్ల మీద, కనెక్టర్ల మీద గుట్టగా వచ్చాయి. చాలా సంతోషంగా ఉంది. ఎందుకంటే ఇళ్లలో నేను చూసిన కాలిన వైర్లలో చాలా వరకు వైరు మధ్యలో కాలినవి కావు. రెండు వైర్లు కలిసే చోటనో, వైరు స్క్రూ కిందికి వెళ్లే చోటనో కాలినవే. అందుకే ఈ సంచిక మొత్తం దానికే ఇస్తున్నాను.

ప్రశ్న: కొత్త ఇంట్లోకి మారాం. హాల్లో పాత ఫ్యాన్ దింపితే పైన రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుట్టి ఉన్నాయి. టేపు జిగురు కారి చేతికంతా అంటుకుంది. కొత్త టేపు చుట్టేస్తే సరిపోతుందా, కనెక్టర్ పెట్టాలా? — ఒక గృహిణి

టేపు చుట్టి వదిలేయొద్దమ్మా. ముందు ఆ టేపు మొత్తం విప్పి లోపలి రాగిని చూడండి. జిగురు వయసు వల్లా కారుతుంది, వేడి వల్లా కారుతుంది. ఏది నిజమో రాగి చెబుతుంది. అది ఎర్రగా, లేత గోధుమ రంగులో ఉంటే వయసే. నల్లబడి, పక్కన ప్లాస్టిక్ తొడుగు గట్టిపడి, వంచితే పెళుసుగా విరిగితే అక్కడ వేడి పుట్టినట్టే. అలా ఉంటే నల్లబడిన ముక్క కోసేసి, శుభ్రమైన రాగి కనిపించేదాకా వెనక్కి వెళ్లాలి. వైరు పొట్టిదైపోతే అదే మందం ఉన్న ముక్కని కనెక్టర్‌తో కలిపి పొడిగించుకోవచ్చు.

టేపు గురించి ఒక మాట. టేపు జాయింట్‌ని కప్పుతుంది, అంతే. పట్టి ఉంచే పని దానిది కాదు. రెండు తీగల్ని మెలేసినప్పుడు అవి పొడవునా తాకుతున్నట్టు కంటికి కనిపిస్తాయి కానీ, లోహం నునుపుగా ఉండదు కాబట్టి నిజానికి కొన్ని చిన్న చిన్న బిందువుల దగ్గరే తాకుతాయి. కరెంటంతా ఆ బిందువుల గుండానే దూరి పోవాలి. గట్టిగా నొక్కి ఉంచితే బిందువులు ఎక్కువవుతాయి, దారి వెడల్పవుతుంది. నొక్కు తగ్గితే దారి ఇరుకవుతుంది, అక్కడ వేడి పుడుతుంది. వేడెక్కితే తీగ సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. రోజూ ఇదే జరిగితే మెలిక వదులవుతుంది, మధ్యలోకి గాలి చేరి రాగి నల్లబడుతుంది, దారి ఇంకా ఇరుకవుతుంది. అందుకే ఏ కనెక్టర్ చేతిలోకి తీసుకున్నా నేను చూసేది ఒకటే: వైరుని నొక్కి పట్టుకునేది ఏది? ఆ నొక్కు పదేళ్ల తర్వాత కూడా ఉంటుందా?

ఇక్కడ చిన్న లెక్క చూపిస్తాను, భయపెట్టడానికి కాదు. జాయింట్ దగ్గర ఓమ్‌లో పదో వంతు అడ్డు ఏర్పడిందనుకోండి. 75 వాట్ల ఫ్యాన్ 230 వోల్టుల మీద తీసుకునేది ఆంపియర్‌లో మూడో వంతు. ఆ జాయింట్‌లో పుట్టే వేడి వాట్‌లో వందో వంతు, చేతికి కూడా తెలియదు. అదే జాయింట్ గుండా 16 ఆంపియర్లు పోతే 25 వాట్లు దాటుతుంది. చిన్న సోల్డరింగ్ ఐరన్ పని చేసేది అంత వేడితోనే. మీ ఫ్యాన్ దగ్గర మెలిక ఇన్నాళ్లు నిలిచిందంటే జాయింట్ బాగుందని కాదు, దాని గుండా ఎక్కువ కరెంటు పోలేదని. రేపు ఎవరైనా ఆ పాయింట్ నుంచి హీటర్‌కి వైరు లాగితే అదే మెలిక నిప్పవుతుంది.

పైగా దీన్ని ఎంసీబీ పట్టుకోలేదు. వదులు జాయింట్ వల్ల కరెంటు పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది. కరెంటు హద్దు దాటితేనే ఎంసీబీ పడిపోతుంది. లీకేజీని పట్టే బ్రేకర్‌కి కూడా ఇక్కడ పని లేదు, ఎందుకంటే కరెంటు ఎర్త్‌లోకి పోవడం లేదు. అందుకే జాయింట్ దగ్గర మనమే జాగ్రత్త పడాలి.

మీ ఫ్యాన్‌కి లివర్ కనెక్టర్లు, అంటే మీట ఎత్తి వైరు పెట్టి దించేవి, పెట్టండి. ఫేజ్‌కి ఒకటి, న్యూట్రల్‌కి ఒకటి, ఎర్త్ వైరు ఉంటే దానికీ ఒకటి. అది ఎందుకో తర్వాతి జవాబులో చెబుతాను.

ప్రశ్న: షాపులో రకరకాల కనెక్టర్లు చూపించారు. స్క్రూ ఉన్న స్ట్రిప్, వైరు గుచ్చితే పట్టేసేది, మీట ఎత్తి దించేది. ధరలో చాలా తేడా ఉంది. అన్నీ ఒకే పని చేస్తాయా? — ఒక లెక్కల మాస్టారు

మాస్టారూ, కలపడం వరకూ అన్నీ ఒకటే. నొక్కే పద్ధతిలోనే తేడా. దేనికి ఏది అనేది మీ వైరు నిర్ణయిస్తుంది కాబట్టి షాపుకి వెళ్లేటప్పుడు అర అడుగు వైరు ముక్క జేబులో వేసుకుని వెళ్లండి. ఒంటి తీగా, పోగుల వైరా? ఎన్ని స్క్వేర్, అంటే లోపలి తీగ మందం ఎన్ని చదరపు మిల్లీమీటర్లు? రాగా, అల్యూమినియమా? ఈ మూడూ తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

స్క్రూ స్ట్రిప్ చాలా పాతది, మనందరం వాడిందే. ఇత్తడి గొట్టంలోకి వైరు దూర్చి పైనుంచి స్క్రూ బిగిస్తాం. ఒంటి తీగకి ఇది మంచిదే. గొడవంతా పోగుల వైరుతో. స్క్రూ కొన తిరుగుతూ దిగేటప్పుడు సన్నటి పోగుల్ని తొక్కుతుంది, కోస్తుంది, కొన్నింటిని పక్కకి నెట్టేస్తుంది. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. తర్వాత పోగులు ఒకదాని సందులోకి ఒకటి సర్దుకుంటాయి. స్క్రూ ఉన్న చోటే ఉంటుంది, కింద వైరు పలచబడుతుంది.

ఒకసారి ఒక ఇంట్లో గీజర్ పనిచేయడం లేదని పిలిచారు. బాత్రూమ్ బయట పెట్టె మూత తీయగానే కుళ్లిన చేపలాంటి వాసన వచ్చింది. ప్లాస్టిక్ సామాను వేడెక్కినప్పుడు వచ్చే వాసనల్లో అదొకటి, ఎక్కడ వచ్చినా వెంటనే మెయిన్ ఆపేయండి. లోపల తెల్లటి స్ట్రిప్ కనెక్టర్ ఒక పక్క తేనె రంగుకి మారి, చివర కుంగిపోయి ఉంది. స్క్రూడ్రైవర్ పెట్టి బిగించబోతే స్క్రూ ఒకటిన్నర చుట్టు వేళ్లతో తిప్పినంత తేలిగ్గా తిరిగింది. కింద వైరు తీసి చూస్తే పోగుల్లో మూడో వంతు తెగి పెట్టె అడుగున పడి ఉన్నాయి. మిగతావి నల్లగా ముద్దకట్టాయి. అది 4 స్క్వేర్ వైరు, మంచి వైరు. వైరు తప్పేమీ లేదు. బిగించిన మనిషి కూడా బలంగానే బిగించి ఉంటాడు. పోగుల్ని నేరుగా స్క్రూ కింద పెట్టడమే తప్పు.

స్క్రూ కింద పోగుల వైరు పెట్టాల్సి వస్తే ఫెర్రూల్ తొడగండి. అది సన్నటి రాగి గొట్టం, చివర రంగు ప్లాస్టిక్ చొక్కా ఉంటుంది. పోగులన్నీ దాంట్లో దూర్చి దాని టూల్‌తో నొక్కితే ఒకే కడ్డీలా తయారవుతుంది. అప్పుడు స్క్రూ పోగుల మీద కాకుండా గొట్టం మీద కూర్చుంటుంది. బిగింపుకీ లెక్క ఉంది: 3 ఎంఎం స్క్రూకి 0.5 న్యూటన్ మీటర్, 4 ఎంఎం స్క్రూకి 1.2. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ స్క్రూడ్రైవర్ ఉంటే ఆ లెక్కకి పెట్టుకోండి. చిన్న స్క్రూని మణికట్టు బలమంతా పెట్టి తిప్పితే మర పోతుంది.

గుచ్చితే పట్టేసేవి ఒంటి తీగ కోసం చేసినవి. లోపల స్ప్రింగ్ రేకు ఉంటుంది, తీగ దాన్ని తోసుకుని లోపలికి వెళ్లాలి. మెత్తటి పోగులు తోయలేవు, వంగిపోతాయి. కొందరు పోగుల్ని మెలేసి బలవంతంగా గుచ్చుతారు. ఒకటి రెండు పోగులే రేకుకి తగిలి మిగతావి వెనక్కి మడుచుకుంటాయి, బయటికి ఏమీ కనిపించదు. ఒంటి తీగల వైరింగ్‌లో, లైట్ పాయింట్లలో ఇవి చక్కటి సరుకు, చోటు కూడా తక్కువ పడుతుంది.

మీట ఉన్నవి, అంటే లివర్ కనెక్టర్లు, నాకు ఎక్కువ ఇష్టం. కారణం చెప్పే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. జర్మనీలోని మిండెన్‌లో 1951లో మొదలైన వాగో కంపెనీ స్ప్రింగ్‌తో వైరుని పట్టే పద్ధతి మీదే ఎదిగింది. 1977లో కేజ్ క్లాంప్ అనే స్ప్రింగ్ తెచ్చింది. స్క్రూ ఒకసారి బిగించిన చోటే ఆగిపోతుంది, స్ప్రింగ్ మాత్రం వైరు సర్దుకున్న కొద్దీ తనూ వెంట వచ్చి నొక్కుతూనే ఉంటుంది. నేను మొదట్లో చెప్పిన పదేళ్ల నొక్కు ఇదే. మీట ఎత్తితే నోరు పూర్తిగా తెరుచుకుంటుంది కాబట్టి మెత్తటి పోగులు కూడా మడత పడకుండా లోపలికి వెళ్తాయి. ఒక రంధ్రంలో ఒంటి తీగ, పక్క రంధ్రంలో పోగుల వైరు పెట్టినా ఇబ్బంది లేదు. ఫ్యాన్లకి, లైట్లకి కావాల్సింది సరిగ్గా ఇదే, ఎందుకంటే గోడలోంచి వచ్చేది ఒక రకం, ఫ్యాన్ నుంచి వచ్చేది ఇంకో రకం.

ఆ కంపెనీదే 221 సిరీస్‌లో సాధారణ సైజు 4 స్క్వేర్ దాకా పడుతుంది, 32 ఆంపియర్లకి తగింది. పెద్ద సైజు 6 స్క్వేర్ దాకా, 41 ఆంపియర్లకి. ఇతర మంచి కంపెనీలు కూడా ఇలాంటివి చేస్తున్నాయి. ఏది కొన్నా ఒంటి మీద ఆంపియర్లు, వోల్టులు, వైరు సైజు స్పష్టంగా అచ్చు వేసి ఉండాలి. ఏమీ రాయని నకళ్లు తీసుకోకండి. లోపలి రేకు ఏ లోహమో, స్ప్రింగ్ ఎంత గట్టిదో బయటినుంచి తెలియదు, మనం డబ్బు పెట్టేది ఆ రెండింటికే.

పెట్టే పద్ధతి: తొడుగు 11 ఎంఎం ఒలవండి. ఎంత ఒలవాలో కొలత కనెక్టర్ మీదే గీసి ఉంటుంది, వైరు దాని పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఎక్కువ ఒలిస్తే రాగి బయటికి కనిపిస్తుంది, తక్కువ ఒలిస్తే రేకు ప్లాస్టిక్ తొడుగుని పట్టుకుంటుంది. మీట ఎత్తి, వైరు చివరిదాకా తోసి, మీట దించండి. ఒళ్లు పారదర్శకంగా ఉంటుంది కాబట్టి రాగి కొన చివరిదాకా వచ్చిందో లేదో పక్క నుంచి కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్కో వైరుని విడివిడిగా పట్టి లాగండి. నాకు పని నేర్పిన మేస్త్రి అన్ని వైర్లూ ఒకేసారి గుంజితే ఒప్పుకునేవాడు కాదు. ఒక్కో వైరుని రెండు వేళ్లతో పట్టుకుని, కళ్లు మూసుకుని లాగేవాడు. చూపు పక్కకి పెడితే చేతికి కదలిక బాగా తెలుస్తుందని ఆయన నమ్మకం. ఇప్పుడు నేనూ అలాగే లాగుతున్నాను.

ఒక్కో రంధ్రంలో ఒక్క వైరే. రెండు కుక్కకండి. మూడు వైర్లుంటే మూడు రంధ్రాల కనెక్టర్, అయిదుంటే అయిదుది. ఇక ఆంపియర్ల విషయం: ఆ సర్క్యూట్ ఎంసీబీ ఎంతదో చూడండి, కనెక్టర్ అంతకన్నా తక్కువది కాకూడదు. ఇప్పుడు అక్కడ నడిచేది చిన్న బల్బే కావచ్చు, కానీ ఆ లైను మీద ఎంసీబీ ఎంత వరకు పోనిస్తే అంత వరకు పోయే వీలుంది.

ఓవెన్ వెనక, హీటర్ కాయిల్ పక్కన ఇవి పెట్టకండి. ఈ 221 రకం చుట్టూ 85 డిగ్రీల వేడి వరకే. అంతకు మించి వేడి తగిలే చోట పింగాణీ కనెక్టరే వాడాలి, వైరు కూడా వేడి తట్టే రకమే కావాలి.

ప్రశ్న: విదేశీ వీడియోల్లో వైర్లు కలిపి పైన రంగు టోపీ పెట్టి తిప్పేస్తున్నారు. అది మంచిదేనా?

మంచిదే, సరైన సైజు దొరికితే. 1914 ప్రాంతంలో కెనడాలో విలియం మార్ అనే ఎలక్ట్రీషియన్ సోల్డర్ అవసరం లేని ఈ పద్ధతికి దారి వేశాడు, అక్కడ ఇప్పటికీ దాన్ని ఆయన పేరు మీదే మారెట్ అంటారు. టోపీ లోపల శంఖంలా చుట్టిన స్ప్రింగ్ తీగ ఉంటుంది, తిప్పిన కొద్దీ వైర్లని కలిపి బిగిస్తుంది. ఏ సైజు టోపీకి ఏ మందం వైర్లు ఎన్ని పడతాయో కంపెనీ పట్టికలో రాస్తుంది, ఆ పట్టిక దాటకూడదు. పోగుల వైరు, ఒంటి తీగ కలిపి తిప్పడానికి చేతి నైపుణ్యం కావాలి. కొత్తగా చేసేవాళ్లకి లివర్ కనెక్టరే చెబుతాను, ఎందుకంటే లోపల ఏం జరిగిందో కంటికి కనిపిస్తుంది.

ప్రశ్న: మా పాత ఇంట్లో మెయిన్ బోర్డు నుంచి అల్యూమినియం వైరు వచ్చింది. కొత్త గదికి రాగి వైరు వేశాం. రెండూ మెలేసి కలిపితే ఏమవుతుంది? మా ఎలక్ట్రీషియన్ ఏమీ కాదంటున్నాడు, నాకు టెన్షన్‌గా ఉంది. — రిటైరైన ఉద్యోగి

మీ టెన్షన్ సరైనదే, అయ్యా. ఆ మెలిక వేయనివ్వకండి.

అల్యూమినియం ఒలిచిన క్షణంలోనే గాలి తగిలి దాని మీద సన్నటి పొర ఏర్పడుతుంది. కంటికి కనిపించదు, గీకినా వెంటనే మళ్లీ వస్తుంది. ఆ పొర కరెంటుని పోనివ్వదు. రాగి మీదా నలుపు వస్తుంది కానీ ఇంత మొండిది కాదు. రెండోది, అల్యూమినియం వేడికి రాగి కన్నా ఎక్కువ సాగుతుంది. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం పది లక్షల్లో 23 వంతులు సాగితే, రాగి 17 వంతులు. రెండింటినీ కలిపి బిగిస్తే వేడెక్కి చల్లబడిన ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటాయి. మూడోది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది: అల్యూమినియం మెత్తనిది, నొక్కి ఉంచితే నెమ్మదిగా పక్కకి పారుతుంది. ఈరోజు గట్టిగా బిగించిన స్క్రూ కింద వచ్చే ఏడాదికి ఖాళీ వస్తుంది. వీటికి తోడు తేమ చేరితే రెండు వేర్వేరు లోహాలు చిన్న బ్యాటరీలా మారి అల్యూమినియాన్ని తినేస్తాయి, తెల్లటి పొడి కనిపిస్తుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో 1960ల మధ్య నుంచి 1970ల తొలి ఏళ్ల దాకా చాలా ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ వేశారు. అక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రకటించిన సర్వే లెక్క ప్రకారం, 1972కి ముందు తయారైన అల్యూమినియం వైరున్న ఇళ్లలో ఏదో ఒక కనెక్షన్ నిప్పంటుకునే స్థితికి చేరే అవకాశం రాగి వైరున్న ఇళ్ల కన్నా 55 రెట్లు ఎక్కువ. ఇక్కడ కూడా గొడవ కనెక్షన్ దగ్గరే అన్నది గమనించండి.

కాబట్టి ఏం చేయాలి? రాగి, అల్యూమినియం రెండింటికీ పనికొస్తుందని కంపెనీ రాసిచ్చిన కనెక్టరే వాడాలి. వాటిలో రెండు వైర్లూ ఒకదాన్నొకటి తాకవు, మధ్యలో తగరం పూత ఉన్న దిమ్మె ఉంటుంది, ఒక్కో వైరుకి వేరే స్క్రూ ఉంటుంది. అల్యూమినియం చివర గీకి, వెంటనే జాయింట్ పేస్ట్ రాసి పెట్టాలి. పేస్ట్ గాలిని అడ్డుకుంటుంది. వాగో లివర్ కనెక్టర్లతో అల్యూమినియం వాడాలంటే కూడా ఆ కంపెనీ తన పేస్ట్ వాడమనే చెబుతుంది. మెయిన్ లైను లాంటి లావు వైర్లకి ఒక పక్క రాగి, ఒక పక్క అల్యూమినియం అతికించి తయారుచేసిన బైమెటల్ లగ్గులు (వైరు చివర తొడిగి నొక్కే లోహపు ముక్కలు) ఉంటాయి. వాటిని హైడ్రాలిక్ టూల్‌తోనే నొక్కాలి. ఇది చేయి తిరిగినవాళ్ల పని, మీరు స్వయంగా చేయకండి. మీ ఎలక్ట్రీషియన్ మీట కనెక్టర్ పెట్టబోతే పేస్ట్ ఏదని అడగండి, లేకపోతే పని ఆపించండి.

ఇంకోటి చూడండి. రాగి అని అమ్మే వైర్లలో అల్యూమినియం మీద రాగి పూత పూసినవి కూడా ఉంటాయి. పైకి అచ్చం రాగిలా ఉంటాయి. కటింగ్ ప్లయర్‌తో ఒక పోగు కోసి, కోసిన కొనని వెలుతురులో చూడండి. లోపల వెండిలా తెల్లగా ఉంటే అది అల్యూమినియమే, దానికి అల్యూమినియం జాగ్రత్తలన్నీ వర్తిస్తాయి. దీనికి తిరగబడ్డ రకం కూడా ఉంది. పైన వెండిలా, లోపల ఎర్రగా ఉంటే అది తగరం పూసిన అసలు రాగి, హాయిగా వాడుకోవచ్చు.

ప్రశ్న: అన్నా, నేను ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. సోల్డర్ చేస్తే కనెక్టర్ అవసరమే లేదు కదా? పోగుల వైరుకి సోల్డర్ పూసి స్క్రూ కింద పెడితే ఫెర్రూల్ ఖర్చు కూడా మిగులుతుంది.

మొదటి మాట సగం నిజం, రెండో మాట తప్పు తమ్ముడూ. తీగల్ని ముందే గట్టిగా మెలేసి, బలం మెలిక మీదే ఉండేలా చేసి, ఆ తర్వాత సోల్డర్ చేస్తే మంచి జాయింటే. పాత టెలిగ్రాఫ్ లైన్లలో అలాగే చేసేవాళ్లు. కానీ సోల్డర్‌నే పట్టుగా నమ్ముకోకూడదు. 63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం ఉన్న సోల్డర్ 183 డిగ్రీలకే కరిగిపోతుంది. వేడెక్కే చోట జారుతుంది.

స్క్రూ కింద సోల్డర్ పూసిన వైరు అసలే వద్దు. సోల్డర్ మెత్తటి లోహం. నొక్కితే, ఇందాక అల్యూమినియానికి చెప్పినట్టే, నెమ్మదిగా పక్కకి పారిపోతుంది. బిగించిన రోజు రాయిలా ఉంటుంది, కొన్నాళ్లకి స్క్రూ వదులవుతుంది. ఇంకో ఇబ్బంది, సోల్డర్ ఎక్కడ ఆగుతుందో అక్కడ వైరు గట్టి కడ్డీ నుంచి మెత్తటి పోగులకి మారుతుంది, కదిలే వైరైతే సరిగ్గా అక్కడే తెగుతుంది. ఫెర్రూల్ కొనుక్కో, దాంట్లో పొదుపు వద్దు.

ప్రశ్న: క్రింపింగ్ లగ్గులు ఎరుపు, నీలం, పసుపు ఉన్నాయి. రంగు అందానికేనా? ప్లయర్‌తో నొక్కితే చాలా?

రంగు సైజు చెబుతుంది. మామూలుగా ఎరుపు 0.5 నుంచి 1.5 స్క్వేర్, నీలం 1.5 నుంచి 2.5, పసుపు 4 నుంచి 6. ఫెర్రూల్స్ రంగుల లెక్క వేరు, కలిపేసుకోకండి. వాటిలో జర్మన్ పద్ధతి ప్రకారం 1.5కి నలుపు, 2.5కి నీలం, 4కి బూడిద రంగు.

ప్లయర్‌తో నొక్కితే లగ్గు చదునవుతుంది, అంతే. క్రింప్ అంటే పోగులు, గొట్టం కలిసి గాలి కూడా దూరనంత గట్టిగా ఒత్తుకోవాలి. రాచెట్ ఉన్న క్రింపింగ్ టూల్ పూర్తిగా నొక్కేదాకా చేతిని వదలదు, సగంలో తెరుద్దామన్నా తెరుచుకోదు. ఆ టూల్ లేకపోతే లగ్గుల జోలికి వెళ్లొద్దు, లివర్ కనెక్టర్‌తో సరిపెట్టుకోండి. మోటార్లు, అదురుతూ ఉండే యంత్రాల దగ్గర మాత్రం క్రింప్‌కి మించింది లేదు.

ప్రశ్న: న్యూట్రల్ వైరుకి ఏదో ఒక జాయింట్ వేసినా ఫర్వాలేదు, దాంట్లో షాక్ ఉండదు అంటారు. నిజమేనా?

కాదు. ఫేజ్‌లో ఎంత కరెంటు పోతుందో తిరిగొచ్చే దారిలోనూ అంతే, కాబట్టి వేడీ అంతే. న్యూట్రల్ ఊడిపోతే పరికరం గుండా ఫేజ్ అటువైపు వస్తుంది, అప్పుడు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. మూడు ఫేజ్‌ల ఇంట్లో మెయిన్ న్యూట్రల్ వదిలేస్తే ఇంకా ప్రమాదం: ఒక ఫేజ్ మీది సామానుకి వోల్టేజ్ పడిపోయి, ఇంకో ఫేజ్ మీది సామానుకి 230 కన్నా చాలా ఎక్కువ ఎక్కుతుంది. ఫ్రిజ్‌లు, టీవీలు ఒకే సాయంత్రం కాలిపోయేది అలాగే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ ఫేజ్‌కి పెట్టినంత మంచి కనెక్టరే పెట్టండి.

ప్రశ్న: సోలార్ బ్యాటరీతో 12 వోల్టుల లైట్లు పెట్టుకున్నాను. తక్కువ వోల్టేజ్ కదా, మెలేసి టేపు వేస్తే చాలు కదా?

12 వోల్టులు షాక్ కొట్టదు, నిజమే. కానీ జాయింట్‌కి వోల్టేజ్‌తో పని లేదు, దానికి తెలిసేది ఆంపియర్లే. 60 వాట్లు 230 వోల్టుల మీద తీసుకుంటే పావు ఆంపియర్ పైచిలుకు. అవే 60 వాట్లు 12 వోల్టుల మీద 5 ఆంపియర్లు. దాదాపు ఇరవై రెట్లు. వేడి ఆంపియర్ల వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి అదే జాయింట్‌లో వేడి మూడొందల అరవై రెట్లు దాటుతుంది. మీ చివరి లైటు మసకగా వెలుగుతుంటే కూడా ముందు జాయింట్లే చూడండి. 12లో ఒక్క వోల్టు పోయినా తేడా తెలుస్తుంది. బ్యాటరీ దగ్గరే, వీలైనంత దగ్గరగా, ఫ్యూజ్ తప్పనిసరి.

పైకప్పు ప్యానెళ్ల ఎంసీ4 కనెక్టర్లలో ఆడది, మగది ఒకే కంపెనీవి ఉండాలి. వేరే కంపెనీది కూడా దూరుతుంది, టక్కుమని పడుతుంది కూడా. కానీ లోపలి లోహం, కొలత ఒకటి కావు, కొన్నాళ్లకి వేడెక్కుతాయి. ఎండలో కరెంటు పారుతుండగా వాటిని ఎప్పుడూ ఊడదీయకండి. ఇంటి ఏసీ కరెంటు 50 హెర్ట్జ్‌లో సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోయే వీలుంటుంది. డీసీకి ఆ సున్నా లేదు. విడదీసిన కొద్దీ మంట సాగుతూనే ఉంటుంది. ముందు ఇన్వర్టర్ ఆపి, ప్యానెళ్ల లైనుని విడదీసే స్విచ్, అంటే డీసీ ఐసొలేటర్, ఆపి, ఆ తర్వాతే ముట్టుకోండి.

ప్రశ్న: తోటలో లైట్లకి వైరు మట్టిలోంచి లాగాం. ప్రతి వర్షానికీ బ్రేకర్ పడిపోతోంది.

జాయింట్‌లోకి నీరు దిగుతోంది. ఇంటి లోపలి కనెక్టర్ ఏదైనా సరే, టేపు ఎన్ని చుట్లు చుట్టినా సరే, మట్టిలో నిలవదు. జెల్ నింపిన కనెక్టర్ పెట్టెలు దొరుకుతాయి, కనెక్టర్‌ని జెల్‌లో ముంచి మూత వేస్తే చాలు. లేదంటే క్రింప్ చేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం (వేడి తగిలితే ముడుచుకుని వైరుని పట్టేసేది) తొడిగి, జిగురు అంచుల్లోంచి కాస్త బయటికి కారేదాకా వేడి చేయాలి. జిగురు లేని మామూలు ష్రింక్ నీటిని ఆపదు. పెట్టె కొంటే ఐపీ68 అని, అంటే నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని, రాసి ఉన్నది తీసుకోండి. ఎంత లోతు నీళ్లలో ఎంతసేపు తట్టుకుంటుందో కంపెనీ చెప్పి ఉంటుంది, అది కూడా చదవండి. వీలైతే అసలు జాయింట్‌ని మట్టిలోంచి బయటికి తెచ్చి స్తంభం మీద పెట్టడం అన్నిటికన్నా మేలు. పెట్టెలోకి వైరు కింది నుంచి రానివ్వండి, పై నుంచి వస్తే వైరు వెంట నీళ్లు జారి లోపలికే వస్తాయి.

ప్రశ్న: మంచి కనెక్టర్ పెట్టాం కాబట్టి జంక్షన్ బాక్స్ లేకుండా గోడలోనే పూడ్చి ప్లాస్టర్ చేసేయవచ్చా?

వద్దు. కనెక్టర్ ఎంత మంచిదైనా పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె మూత తీసేందుకు వీలుండాలి. ఒకటి, జాయింట్ ఎప్పుడైనా వేడెక్కితే చుట్టూ మండే సామాను ఉండకూడదు. రెండు, వెతికేవాడికి దొరకాలి. గోడలో పూడ్చిన ఒక్క జాయింట్ కోసం నేను ఒక రోజంతా గోడ తట్టుకుంటూ తిరిగాను, చివరికి మూడు చోట్ల పగలగొట్టాల్సి వచ్చింది. పెట్టెలో కనెక్టర్ మీద వైరు బరువు వేలాడకుండా పెట్టె నోటి దగ్గరే వైరుని బిగించండి, పెట్టె లోపల ఒక జానెడు వైరు అదనంగా మడిచి వదలండి.

మొదలుపెట్టే ముందు ఆ సర్క్యూట్ ఎంసీబీ ఆపడం మరచిపోకండి. ఆపాక రెండు కొనల టెస్టర్ గానీ మల్టీమీటర్ గానీ ముందు కరెంటు ఉన్న వేరే సాకెట్‌లో పెట్టి చూడండి, తర్వాత మీరు ముట్టుకోబోయే వైర్ల మీద, మళ్లీ ఆ సాకెట్‌లో. మధ్యలో టెస్టర్ పాడైపోలేదని తెలిసేది ఆ మూడోసారి చూసినప్పుడే. పని అయ్యాక మూత వేసే ముందు పెట్టె లోపల ఫోన్‌తో ఒక ఫోటో తీయండి. ఇంకో ఫోటో కాస్త వెనక్కి వచ్చి, నేల నుంచి పెట్టె ఎంత ఎత్తులో ఉందో తెలిసేలా కొలత టేపు పట్టుకుని తీయండి. రెండూ ఇంటి కాగితాలతో పాటు దాచి ఉంచండి.